గొడుగు వేసుకుని ముసలాయన నుంచున్న చోటు

“నాలుగో మూల ఎక్కడండీ?” అని సర్వేయరు అడిగాడు.

మా ఆవిడ చేతిసంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. కళ్లజోడు సవరించుకుని, నోము కథ చదివేటంత శ్రద్ధగా చదివింది. “వేపచెట్టు మొదలుకొని, ఎటూ తిరక్కుండా పడమరగా నడిచి, గొడుగు వేసుకుని ముసలాయన నుంచున్న చోటు దాకా.”

సర్వేయరు టేపు కింద పెట్టి ఒకసారి నా వైపూ, ఒకసారి మా పక్కస్థలం ఆయన వైపూ చూశాడు. పక్కస్థలం ఆయన తను కొత్తగా వేయించుకున్న ఇనపకంచె మీద చెయ్యి ఆనించి నవ్వుతున్నాడు. ఆ ముసలాయన ఇప్పుడెక్కడ ఉంటారండీ, ఫోన్ చేసి పిలిపించగలరా అని సర్వేయరు చాలా మర్యాదగా అడిగాడు.

ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది.

తగువు చిన్నదే. మైలవరం పొలిమేరలో, చెరువు కింద పల్లంలో, పన్నెండేళ్ల క్రితం మేం కొనుక్కున్న కాస్త స్థలం ఉంది. నాలుగు మూలలూ నాలుగు రకాలుగా ఉన్న వంకర ముక్క. దానికి దక్షిణాన ఈ కంచె ఆయన స్థలం. ఆయన వేసిన కంచె తూర్పున వేపచెట్టు దగ్గర సరిగ్గానే మొదలవుతుంది. పడమటి కొసకి వెళ్లేసరికి మూడడుగులు మా వైపుకి ఒరుగుతుంది. అక్కడ ఉండాల్సిన హద్దురాయి ఎప్పుడో లేచిపోయింది. అలా లేచిపోయిన రాళ్ల మీద చుట్టుపక్కల వాళ్లు బట్టలు ఉతుక్కుంటున్నారు. ఆ మూడడుగులూ పోతే వంటగది కుదరదని ప్లాను గీసిన ఇంజనీరు తేల్చేశాడు. నేను పోస్టాఫీసు గుమాస్తాని, వచ్చే ఏడు రిటైరవుతాను. ముప్ఫై ఏళ్లుగా విజయవాడలో అద్దె ఇళ్లు మారుతూ, గోడకి మేకు కొట్టాలంటే ఇంటివాళ్లని అడిగి బతికినవాళ్లం. ఎవర్నీ అడక్కుండా మేకు కొట్టుకునే వంటింటి గోడ ఒక్కటి చాలంటుంది మా ఆవిడ. ఆ గోడ లేవాల్సింది సరిగ్గా ఆ మూడడుగుల్లోనే.

అందుకని ఆ ఎండలో నుంచుని నేను మా హద్దుల మాష్టార్ని తలుచుకున్నాను.

హద్దుల మాష్టారన్నది మేం పెట్టిన పేరు. విజయవాడ వన్ టౌన్‌లో ఒక పాత మేడ మీద మా కాలేజీ ఉండేది. ఆయన మాకు ఇంగ్లండు చరిత్ర చెప్పేవారు. చెప్పేవారంటే, అందులో ఒక్క ముక్కే చెప్పేవారు. వెయ్యేళ్ల క్రితం ఆంగ్లో-సాక్సన్ రాజులు చర్చిలకీ, తమ దగ్గర కొలువు చేసినవాళ్లకీ భూములు దానమిస్తూ రాయించిన పత్రాలంటే ఆయనకి ప్రాణం. జూన్‌లో ఆ పత్రాల దగ్గర మొదలుపెడితే సంక్రాంతి సెలవుల దాకా అక్కడే. నార్మన్లు సముద్రం దాటి ఇంగ్లండు మీదకి వచ్చేసరికి మాకు పరీక్షలు దగ్గరపడేవి. ఆ తర్వాతి చరిత్రంతా ఒక అరపూటలో, ఇష్టంలేని పెళ్లికి వెళ్లొచ్చినట్టు ముగించేవారు. మా బ్యాచిలో ఎవరికీ ఈనాటికీ నార్మన్ల తర్వాత ఇంగ్లండుకి ఏమైందో తెలీదు.

ఆయన ఇంగ్లండు చూడలేదు. సముద్రం చూసింది మచిలీపట్నంలో. కానీ ఆ రాజులు ఎదురింటివాళ్లన్నట్టే మాట్లాడేవారు. వాళ్ల పేర్లు చాలామటుకు ‘ఎథెల్’ అని మొదలవుతాయి. మన ఇళ్లల్లో వెంకట ఎలాగో వాళ్లకి ఎథెల్ అలాగని, కాలేజీ పరీక్షలో పేరు గుర్తురాకపోతే ఎథెల్ అని రాసి పక్కన గీత పెడితే సగం మార్కులు వేస్తానని అభయమిచ్చారు. ఆ ఏడు క్లాసులో చాలామంది ఆ గీత మీదే పాసయ్యాం.

ఆయన రాకడ ముందు చెవికి తెలిసేది. లారీ టైరు చెప్పులు వేసుకునేవారు. అడుగున టైరు చారలు అలాగే ఉండేవి, మడమ దగ్గర గుండ్రంగా ఏడు ఇనప మేకులు. వన్ టౌన్‌లో చెప్పులు కుట్టే ఒకాయన చేత దగ్గర కూచుని చేయించుకునేవారు. ఆయన మెట్లెక్కుతుంటే లారీయే మేడెక్కుతున్నట్టు ఉండేది. సాక్సన్ రాజ్యాల కంటే ఈ చెప్పులే ఎక్కువకాలం నిలుస్తాయని వాటిని చూపించి మరీ చెప్పేవారు.

కాలేజీ కింద ఎండుమిరపకాయల గోడౌను. బస్తాలు దింపుతున్నంతసేపూ ఘాటు పైకి తన్నుకొచ్చేది. తుమ్ములతోనే పాఠం సాగేది. మాష్టారు ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో జేబురుమాలు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ రాజుల దానాలు చదివేవారు. సాక్సన్ల కోసం ఏడుస్తున్నారని మా జోకు.

హాజరు పట్టీ కూడా ఆయనకి శాసనమే. ఆ కాలపు పత్రాల్లో సాక్షులు సంతకాలు పెట్టరు. రాసేవాడే వరసగా అందరి పేర్లూ రాసి, ఒక్కో పేరు పక్కన శిలువ గుర్తు పెడతాడు. ఈయనా మా పేర్లన్నీ తనే రాసి, పక్కన కూడిక గుర్తు పెట్టేవారు. ఒకసారి క్లాసుకి రాని కుర్రాడి బదులు నేను పలికాను. ఆయన తలెత్తలేదు. ఆ చర్చిల సన్యాసులు దొంగ దానపత్రాలు పుట్టించేటప్పుడు అప్పటికే చచ్చిపోయిన బిషప్పుల్ని సాక్షులుగా రాసి దొరికిపోయేవాళ్లని, ఇప్పుడు మన క్లాసులో కూడా ఒక బిషప్పు హాజరు పలికాడని చెప్పి పాఠం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి మా కాలేజీలో దొంగ హాజరు పేరు బిషప్పు. ఒరే, నాకివాళ ఒక బిషప్పు వెయ్యరా అని అడుక్కునేవాళ్లం.

ఆ దొంగ పత్రాల గురించి ఆయన ఒక మాట అనేవారు. రాజు పేరు అబద్ధం కావచ్చు, తారీఖు అబద్ధం కావచ్చు, సాక్షులు చచ్చినవాళ్లు కావచ్చు, కానీ హద్దులు మాత్రం చాలాసార్లు నిజమే ఉంటాయట. ఎందుకంటే ఎవరో ఒకరు నిజంగా ఆ భూమి చుట్టూ నడిచి, కనబడ్డవి కనబడ్డట్టు చెప్తేనే అవి రాయడం కుదురుతుంది. ముళ్లచెట్టు దాకా, అక్కణ్ణుంచి వాగు వెంబడి, వాగు దగ్గర్నుంచి పూర్వీకుల గోరీ దాకా. అంతే. కొలతలుండవు.

ఇంటికి దారి చెప్పినా ఆయన పద్ధతి అదే. కూతురి పెళ్లి శుభలేఖలో కల్యాణమండపం చిరునామా వేయించకుండా హద్దులు వేయించారు. రైలు గేటు దాటి, కాలవ గట్టు వెంబడి, నల్లగేదె కట్టేసి ఉండే రాట దాకా వచ్చి, కుడిచేతికి తిరగవలెను. పెళ్లినాడు ఆ గేదెగలాయన బాజాలకి బెదురుతుందని దాన్ని తీసుకెళ్లి రెండు వీధుల అవతల కట్టాడు. మేం అయిదుగురం గేదెని నమ్ముకుని కుడిచేతికి తిరిగి ఇంకో పెళ్లికి వెళ్లాం. మగపెళ్లివారి తాలూకని ఆడపెళ్లివారూ, ఆడపెళ్లివారి తాలూకని మగపెళ్లివారూ అనుకుని కొసరి కొసరి వడ్డించారు. అక్షింతలు వేసి, తెచ్చిన స్టీలు బిందె ఆ దంపతులకే ఇచ్చి వచ్చాం. మర్నాడు మాష్టారు తప్పంతా గేదెదే అన్నారు. హద్దు పెట్టేటప్పుడు కదిలే వస్తువు పెట్టకూడదని, ఆ సంగతి చరిత్ర ఎమ్మే చదివి కూడా గేదె దగ్గర నేర్చుకోవాల్సి వచ్చిందని ఒప్పుకున్నారు.

ఒక ఆదివారం ప్రత్యేక క్లాసు పెట్టారు. వచ్చింది ముగ్గురం. ఆయన తను తెలుగులోకి మార్చుకున్న ఒక పత్రం చదివారు. చదవడం అయ్యాక ఆ ముళ్లచెట్టు ఎండిపోయి వెయ్యేళ్లయింది, ఆ రాజు పేరు మీకు నోరు తిరగదు, కానీ ఒక పొద్దున్న ఎవరో అక్కడ నడిచారర్రా అన్నారు. జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. నేను అలవాటు కొద్దీ తుమ్మబోయి, ఆగాను. ఆదివారం గోడౌనుకి సెలవు. ఆ రోజు ఘాటు లేదు. ఈ సంగతి నేను మిగతా ఇద్దరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

ఇంత భూమి గోల పెట్టుకున్న మనిషికి సొంతానికి సెంటు లేదు. ఆయన తాతగారు చల్లపల్లి దగ్గర ఒక ఊళ్లో కరణం. ఊరందరి హద్దులూ ఆయనే రాశారట, తనకని ఒక్క గట్టు రాసుకోలేదట. మాష్టారు వన్ టౌన్‌లో కొండ వాలున అద్దె ఇంట్లో ఉండి, అక్కడే రిటైరయ్యారు. భూమి లేదు కాబట్టే ఈ విషయంలో నిష్పక్షపాతంగా మాట్లాడగలుగుతున్నాననేవారు.

మేం మైలవరంలో స్థలం కొంటున్నామని తెలిసి, పిలవకుండానే వచ్చారు. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే, కాగితాలు ఎవరు రాసినా సరే, ముందు చుట్టూ నడవాల్సిందే అన్నారు. ముందురోజు బాగా వాన కురిసింది. నల్లమట్టి ముద్దముద్దగా ఉంది. ముందు ఆయన గొడుగు, వెనక నేను కాగితం కలం, నా వెనక మా ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని. ఉత్తరం ఎటో నేను తడుముకుంటే, ఉత్తరాల ఆఫీసులో పనిచేస్తూ ఉత్తరం ఎటో తెలీదా అని దెప్పారు. ఆగ్నేయ మూల నడుమెత్తు వేపమొక్క ఉంటే చెట్టని రాయించారు. పెరగక ఎక్కడికి పోతుందన్నారు. ఉత్తరం వైపు రెండు మూలలకీ బోరు పంపూ, ఎవరో వదిలేసి పోయిన రోడ్డు రోలరూ రాయించారు. నైరుతి మూలకి వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు. రాయి కూడా మట్టిలో వాలిపోయి ఉంది. మాష్టారు అక్కడ నుంచున్నారు. నుంచున్నవారు నుంచున్నట్టే కుడికాలు మోకాలి దాకా దిగిపోయింది.

“ఇక్కడేమీ లేదు కదండీ, ఏం రాయమంటారు?” అన్నాను.

“నేనున్నాను కదోయ్, నన్ను రాయి.”

“కదిలే వస్తువు పెట్టకూడదన్నారు కదండీ మాష్టారూ” అంది మా ఆవిడ. గేదె కథ ఆమెకి కంఠతా వచ్చు.

“కదల్లేకపోతున్నాను కదమ్మా, అందుకే రాయమంటున్నా.”

ఇద్దరం చెరో రెక్కా పట్టి లాగాం. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. కర్రతో కెలికాను, చెయ్యి పెట్టి చూశాను, మట్టి మింగేసింది. రిజిస్ట్రేషన్‌కి టైమైపోతోందని మా ఆవిడ తొందరపెట్టింది. ఆయన ఒంటి చెప్పుతో, టపా ఒకటి, నిశ్శబ్దం ఒకటిగా మా వెంట నడిచారు.

రిజిస్ట్రారు ఆఫీసులో ఆయన జేబులోంచి పిడికెడు మట్టిగడ్డ తీసి, వేలిముద్రల మిషను పక్కన పెట్టారు. సాక్సన్ రాజులు భూదానం చేసేటప్పుడు ఆ నేలలోని గడ్డ తెచ్చి చర్చి బల్ల మీద పెట్టేవారని నాకు తెలుసు. అక్కడి అధికారికి తెలీదు. ఏంటండీ ఇది అని అడిగారు.

“స్థలం అండీ” అన్నారు మాష్టారు.

అధికారి మట్టివైపు చూసి, ఆయన ఒంటి చెప్పువైపు చూసి, నా బొటనవేలు పట్టుకుని మిషను మీద పెట్టారు. అసలు పత్రంలో హద్దులు నాలుగు గడుల్లో నాలుగు ముక్కలుగా వచ్చాయి, ఫలానా నంబరు స్థలం, ఫలానా నంబరు స్థలం అని. అది చూసి మాష్టారికి అన్నం సయించలేదు. హోటల్లో కూచుని, నేను రాసుకున్నదంతా తెల్లకాగితం మీద తన చేత్తో తిరగరాశారు. కింద సాక్షులుగా నా పేరు, మా ఆవిడ పేరు, అక్కడి టీ కొట్టావిడ పేరు, తన పేరు రాసి నాలుగు కూడిక గుర్తులు పెట్టారు. ఆఖర్న శాపం రాశారు.

శాపం లేనిదే దానపత్రం లేదు. సాక్సన్ల శాసనాల్లో హద్దు తప్పినవాడు ఆరని నిప్పులో కాలతాడు. మన రాజుల రాగిరేకు శాసనాల్లో అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడు. వాళ్లది నిప్పు, మనది పెంట, ఏది ఎక్కువ భయమో చెప్పండర్రా అని క్లాసులో ఓట్లు వేయించేవారు. ఏటా పెంటే గెలిచేది. మా కాగితంలో మాత్రం, మా మీద అభిమానం కొద్దీ, రెండూ రాశారు.

మా ఆవిడ దాన్ని పిచ్చికాగితం అంది. అయినా పారేయలేదు. శాపం రాసున్న కాగితం చెత్తబుట్టలో వేస్తే ఎవరికి తగులుతుందో అని భయపడి, దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద పెట్టింది. పన్నెండేళ్లలో మూడు ఇళ్లు మారాం. అసలు పత్రం రెండుసార్లు కనబడక వెతుక్కున్నాం. పిచ్చికాగితం ఒక్కసారీ తప్పిపోలేదు.

కిందటేడు మాష్టారు పోయారని కబురు తెలిసి వన్ టౌన్ వెళ్లాను. గాలికి తలుపు కొట్టుకోకుండా ఆయన ఎడమకాలి టైరు చెప్పు అడ్డం పెట్టి ఉంది. జోడు పోయినా దాన్ని పారేయనివ్వలేదని, పదకొండేళ్లుగా ఆ తలుపు దగ్గర అదే కాపలా అని వాళ్లమ్మాయి చెప్పింది. దానికి కాలు తగలకుండా పక్కనుంచి లోపలికి వెళ్లాను.

ఇదంతా తలుచుకుంటూ నేను ఎండలో నుంచుని ఉంటే, మా ఆవిడ కాగితం మడిచి, నన్ను మోచేత్తో పొడిచింది.

“ఏవండీ, చెప్పు.”

ఏం చెప్పమంటావన్నాను.

“చెప్పమనడం కాదండీ. చెప్పు. మాష్టారి చెప్పు.”

అప్పుడు వెలిగింది నాకు. ముసలాయన నుంచున్న చోట ఆయన చెప్పు ఇంకా ఉండాలి. కంచె అవతల మూడడుగుల మేర తవ్వి చూడనిమ్మని పక్కస్థలం ఆయన్ని బతిమాలాను. రైసు మిల్లు నడిపి మానేసిన పెద్దమనిషి, సరదా మనిషి. తవ్వుకోండి, నిధి దొరికితే సగం నాదన్నాడు. సర్వేయరు వెంట వచ్చిన కూలీలు గునపం వేశారు. మొదటిచోట గులకరాళ్లు. రెండోచోట ఏమీ లేదు. మా ఆవిడ మాత్రం, తన వంటగది లోపల నుంచుని అజమాయిషీ చేస్తున్నట్టు, ఇంకొంచెం అటు అని చూపించింది. మూడోచోట మూరెడు లోతున గునపం మెత్తగా తగిలి వెనక్కి తన్నింది.

మట్టి దులిపితే టైరు చారలు బయటపడ్డాయి. మడమ దగ్గర తుప్పుపట్టిన మేకులు లెక్కపెట్టాను. ఏడు.

“ఏ చెప్పైనా అయ్యుండొచ్చు కదండీ” అన్నాడు పక్కస్థలం ఆయన. నవ్వు మాత్రం తగ్గింది.

“దీని జోడు వన్ టౌన్‌లో తలుపుకి అడ్డం పెట్టి ఉందండీ. కావాలంటే తెప్పిస్తాం” అంది మా ఆవిడ. అని, కాగితం విప్పి ఆయన చేతికిచ్చింది. “కింద కూడా చదవండి అన్నయ్యగారూ.”

ఆయన చదివాడు. పైకే చదివాడు. ఈ హద్దును జరిపినవాడు, జరిపించినవాడు, జరుగుతుంటే చూస్తూ ఊరుకున్నవాడు అన్న చోట గొంతు తగ్గింది. సర్వేయరు ఒక అడుగు వెనక్కి వేశాడు. చదవడం పూర్తయ్యాక మళ్లీ వెనక్కి వెళ్లి ఒకచోట వేలు పెట్టాడు.

“అరవై వేల ఏళ్లా అండీ?”

“అవునండీ” అన్నాను.

“కోర్టుకైతే ఇరవయ్యేళ్లలో తేలిపోయేదండీ” అన్నాడు దిగులుగా. మళ్లీ ఏదో ఆశ పుట్టి మా ఆవిడని అడిగాడు. “తెలీక జరిపినవాళ్లకి కూడానా అమ్మా?”

మా ఆవిడ తడుముకోలేదు. “తెలీక జరిపితే తగలదండీ. తెలిశాక సాయంత్రం లోపు వెనక్కి జరుపుకుంటే చాలని మాష్టారు అప్పుడే చెప్పారు.”

మాష్టారు అలా ఎప్పుడూ చెప్పలేదు. ఆ నియమం సాక్సన్లకీ లేదు, మన రాగిరేకుల్లోనూ లేదు. నా కళ్లముందే మా ఆవిడ అచ్చం ఆ సన్యాసుల్లా శాసనంలోకి ఒక దొంగ వాక్యం చొప్పించింది. హద్దు నిజమైంది కాబట్టి నేను ఆ చచ్చిన బిషప్పులా సాక్షిగా ఊరుకున్నాను.

ఆయన అక్కడికక్కడే కూలీలతో కంచె పీకించాడు. కొత్త రాయి పాతబోతుంటే, ఆ చెప్పు మాత్రం తీయకండి, కిందే ఉంచండి అన్నాడు. చెప్పుని మళ్లీ గోతిలో పెట్టి, పైన రాయి పాతించాం. తను కూడా సాక్షినే అంటూ మా కాగితం అడుగున పేరు నన్నే రాయమని, పక్కన కూడిక గుర్తు తనే పెట్టాడు.

సర్వేయరు టేపు పట్టుకుని వేపచెట్టు దగ్గరికి వెళ్లాడు. గీత తిన్నగా చూసుకోవాలని, ఆ రాయి దగ్గర ఎవరైనా నుంచోండని కేకేశాడు. నేను నుంచున్నాను. ఎండ మాడిపోతోంది. బట్టతలతో ఎంతసేపు నుంచుంటారని మా ఆవిడ గొడుగు తెచ్చి విప్పి నా చేతిలో పెట్టింది. పెట్టి, నా మొహంలోకి చూసింది.

“ఏంటండీ, ఆ కళ్లు?”

“ఏం లేదు. మిరపకాయల ఘాటు” అన్నాను.

“ఇక్కడ మిరపకాయలెక్కడివండీ?”

అంతలో అవతలి కొస నుంచి సర్వేయరు చెయ్యి ఎత్తాడు. “కదలకండి సార్, అలాగే ఉండండి.”

నేను కదల్లేదు.